నాగలి దుంప

ఆ వానాకాలం మా ఇంట్లో నాలుగు బస్తాల విషం ఉండేది. వాటి మీద తినే దుంప పేరు రాసింది నేనే.

కావాలని రాయలేదు. మంచం పట్టిన ముసలాయన మొహంలో చాలా నెలల తర్వాత నవ్వు కనబడింది. ఆ నవ్వు ఇంకాసేపు ఉంటుందని రాశాను. అంతే.

నరసన్నపేటకి ఆరు కిలోమీటర్ల అవతల, హైవేని ఆనుకుని మాకు అరవై సెంట్ల మెట్ట ఉంది. ఏళ్ల తరబడి గోగు వేశాం. కోసిన గోగు నీళ్లలో ఊరబెట్టి నార తీసే మనుషులు దొరక్క, రెండేళ్లుగా బీడు పెట్టేశాం. మా ఆయన భాస్కర్ విశాఖలో క్రేన్ నడుపుతాడు. ఆదివారం వస్తాడు, ఆ సాయంత్రమే బస్సెక్కేస్తాడు. మా అమ్మాయి భారతి ఎచ్చెర్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో మిగిలింది ముగ్గురం. నేను, మా అత్త లక్ష్మీనరసమ్మ, మా మావ కూర్మయ్య.

మావ ఒకప్పుడు ఈ చుట్టుపక్కల అందరికంటే తిన్నగా చాలు దున్నిన మనిషి. అప్పటికి కాలి బొటనవేలు, మోకాళ్లు, మణికట్లు అన్నీ వాచిపోయి, దుప్పటి తగిలినా కేక పెట్టేవాడు. శ్రీకాకుళం డాక్టరు కీళ్లకి చిన్న చిన్న మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే కడుపు జారుతోందని మావ ఉమ్మేసేవాడు. ఉమ్మిన మాత్ర ఏరేది అత్త. పక్క మార్చేది అత్త. వేడినీళ్ల గుడ్డ పెట్టేది అత్త. ఒక గుక్క నీళ్లకి, ఒక ఈగకి, ఒక్కోసారి ఏమీ లేకపోయినా, "ఒసే నరసమ్మా!" అని మంచం మీంచి కేక వచ్చేది. ఆ కేక రోజుకి ఎన్నిసార్లు వచ్చేదో లెక్కపెట్టడానికి కూడా మాకు ఓపిక ఉండేది కాదు.

జూన్ రెండో వారంలో మురళీమోహన్ వచ్చాడు. విజయనగరంలో మందు మొక్కల కంపెనీ ఒకటుంది, దాని మనిషి. ఆటోలోంచి నాలుగు బస్తాలు దింపించి, మా వసారాలో ఒకటి విప్పాడు.

"అక్కా, దీన్ని అగ్నిశిఖ అంటారు. పువ్వు పూసిందంటే హైవే మీద కార్లు ఆగిపోతాయి. గింజలు మందులకి పోతాయి. మొక్క అందానికి అందం, మందుకి మందు."

ఒక దుంప తీసి చూపించాడు. వేలెడు లావు, నున్నటి తోలు, మధ్యలో వంగి రెండు కొమ్ములుగా ఉంది. మావ మంచం మీంచి చేయి చాపాడు. "ఏదీ, ఇలాగియ్యి బాబూ."

అటూ ఇటూ తిప్పాడు. వాచిన వేళ్లతో దాన్ని నేలకి ఆనించి ముందుకి తోశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఒసే నరసమ్మా, సూడే! అచ్చం నాగల్లాగ ఉన్నాది. ఇదిగో మేడి, ఇదిగో కర్రు!"

"కరెక్టు తాతా!" అన్నాడు మురళీమోహన్. "సంస్కృతంలో దీని పేరు లాంగలి. లాంగలమంటే నాగలే."

"అయితే నాగలి దుంపేనా? ఏజెన్సీ నించి సంతకి వస్తాది, ఉడకేసుకుని ఉప్పేసుకుని తింటాం..."

"అయ్యబాబోయ్, అది వేరు తాతా, ఇది వేరు. ఇది నోట్లో పెడితే మనిషి మిగలడు. అక్కా, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. కోళ్లకీ మేకలకీ అందనివ్వకండి." అంతటితో ఊరుకుంటే బాగుండేది. గూట్లో మావ మాత్రల పెట్టె కనబడింది అతనికి. తీసి పేరు చదివి, ముసలాయన్ని సంతోషపెడదామనుకున్నాడు. "చూశావా తాతా, నీ కీళ్ల మాత్రలో ఉండే మందు ఈ మొక్కలోంచి తీసేదే."

బండెక్కి వెళ్లిపోయాడు. మా వసారాలో రెండు ముక్కలు వదిలేసి వెళ్లాడు. ఒకటి, ఇది చంపుతుంది. రెండు, ఇది నొప్పి తీస్తుంది. మావ చెవిన రెండోది పడింది. అత్త చెవిన మొదటిది పడింది. ఆ సంగతి నాకు అక్టోబరు దాకా తెలీలేదు.

బస్తాల మీద పంట పేరు రాసుకోమని కంపెనీ వాళ్లు నల్ల మార్కరు ఇచ్చారు. లాంగలి అని రాయబోతుంటే, మావ మంచం మీంచి అన్నాడు, "నాగలి దుంప అని రాయే కుమారీ. మనకి తెలిసిన మాట రాయి."

రాశాను. నాలుగు బస్తాల మీదా, పెద్ద పెద్ద అక్షరాలతో.

*

వానలు పడ్డాక నాటాం. నేనూ, అత్తా, మా వీధి చివరి ఇంటి దాలమ్మా. ఆ దుంపకి ఒక్కో కొమ్ముకి కొసన ఒకే ఒక్క మొలక ఉంటుంది. అది విరిగిందంటే ఇంక ఆ కొమ్ము మొలవదు. గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోవాలి. అత్త నాటిన వరసలో ఒక్కటీ చావలేదు. మిగిలిన అరబస్తా చిన్నగదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి పిన్నీసుతో పుస్తెలతాడుకి తగిలించుకున్నాను. ఎందుకంటే మావ అప్పటికే మొదలుపెట్టేశాడు.

"కుమారీ, ఒక్క ముక్క ఇయ్యవే. గోరంత ముక్క."

"మావా, అది విషం."

"విషమయితే మాత్రలో ఎందుకు ఏస్తారే? డాట్రు తెలివితక్కువోడా?"

"గింజలోంచి ఏదో తీసి, కొలిచి, ఎంతో తక్కువ వేస్తారు. దుంప కొరుక్కు తినడమూ అదీ ఒకటేనా?"

"నా పొలంలో మందు పెట్టుకుని నన్ను ఏడిపిస్తన్నారు మీ అత్తాకోడళ్లు."

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు, దీపాలవేళ మళ్లీ. జూలై అంతా ఇదే. ఆయన కేకలకి భయపడ్డది లేదుగానీ, ఈ బతిమాలడానికి భయం వేసేది. నొప్పి పడుతున్న మనిషి ఎదురుగా మందు ఉందని నమ్మితే ఏ రోజు ఏం చేస్తాడో. నేను పొలం వెళ్లినా, రేషను డిపోకి వెళ్లినా, చేయి పుస్తెలతాడు మీదికే పోయేది. ఆ సీజనంతా నా పని ఒక్కటే. ఆ దుంప ఆయన నోటికి చేరకూడదు.

తప్పు మనిషికి కాపలా కాస్తున్నానని ఎవరు చెబుతారు?

*

ఆగస్టు ఆఖరుకి పొలం అంటుకుంది. మంటలాగే ఉండేది నిజంగా. తీగ ఆకు కొసలతోనే కంచెని చుట్టుకుని పైకి పాకేది. మొగ్గ కిందికి వేలాడి, విచ్చుకోగానే రేకులన్నీ వెనక్కి తిరిగి పైకి లేచేవి. మొదట పసుపు, అంచున ఎరుపు, నాలుగో రోజుకి అంతా ఎరుపు. మురళీమోహన్ చెప్పినట్టే హైవే మీద కార్లు ఆగాయి. టెక్కలి వెళ్లే పెళ్లివాళ్లు బస్సు ఆపించి మరీ ఫొటోలు దిగారు.

వాళ్లకేం, ఫొటో దిగి పోయారు. మాకు నడుములు పోయాయి. ఆ పువ్వు దానంతట అది కాయ పట్టదు. పుప్పొడి ఒక దిక్కున, అది చేరాల్సిన కొస ఇంకో దిక్కున, అలిగిన మొగుడూ పెళ్లాల్లాగా ఉంటాయి. పొద్దున్నే చిన్న కుంచెతో పుప్పొడి తీసి, ఒక్కో పువ్వుకీ చేత్తో అంటించాలి. ఆరింటికి మొదలుపెడితే పదకొండు. వంగి, లేచి, మళ్లీ వంగి. రోజూ కొత్త పువ్వులు.

"సూడమ్మా మన బతుకు," అనేది దాలమ్మ. "పువ్వులకి కాపురాలు పెట్టించే ఉద్యోగం. జిల్లా మొత్తానికి మనకే వచ్చినాది."

"కొన్ని కాపురాలు పెట్టించకపోతేనే మంచిదే, దాలీ," అంది అత్త, కుంచె దులుపుతూ.

దాలమ్మ పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. అత్త నవ్వలేదు. కానీ ఆమె మొహం ఇంట్లో ఉన్నట్టు లేదు. ఇంట్లో రెండు మాటలు మాట్లాడని మనిషి, ఆ పువ్వుల్లో ఏదో పాట కూనిరాగం తీసేది. నేను వంద పువ్వులు చేసేలోపు ఆమె నూటయాభై చేసేది. ఒక్కటి కూడా రాలేది కాదు. మేము చేసిన వాటిలో మూడోవంతు రాలిపోయేవి.

"అత్తా, ఏటి మంత్రం వేస్తన్నావు?" అని అడిగాను ఒకరోజు.

ఆమె ఇంకో పువ్వుకి కుంచె అంటించింది. తర్వాత, నాకు కాదన్నట్టు, పువ్వుకి చెబుతున్నట్టు అంది, "ఇక్కడ నన్ను ఎవులూ పిలవరు."

అప్పుడు ఆ మాట విని ఊరుకున్నాను. వినవలసినంతగా వినలేదు.

అక్టోబరు మొదట్లో ఒక పొద్దున, మేము ముగ్గురం పొలంలో ఉండగా, మావ మంచం దిగబోయి పడ్డాడు. మోచేయి కొట్టుకుపోయింది. ఎముక విరగలేదు. మేము వచ్చేసరికి నేలమీద కూర్చుని వీధంతా వినబడేలా తిడుతున్నాడు. "మొగుడు సస్తంటే పువ్వులు కావాలి దీనికి! ముసలితనంలో పువ్వులు!"

భాస్కర్‌కి ఫోన్ చేశాను. "అమ్మని ఇంటికాడ ఉంచీ," అన్నాడు. "పొలం నువ్వూ దాలమ్మా సూసుకోండి. మరేటి సేస్తాం?"

నాకూ అదే సుళువుగా తోచింది. "అత్తా, రేపట్నించి నువ్వు పొలానికి రావద్దు," అన్నాను.

ఆమె కుంచె నీళ్లలో ముంచి కడిగింది. గుడ్డతో తుడిచింది. నా చేతికి ఇచ్చింది.

"సరే."

ఆ సరే నాకు మామూలుగానే వినబడింది.

*

పదకొండు రోజుల తర్వాత, ఒక పొద్దున ఎనిమిదింటికి దాలమ్మ చివరి వరసలోంచి పిలిచింది. ఇద్దరమే అయ్యాక ఆ వరస దాకా మా చేతులు వెళ్లడం అదే మొదటిసారి.

"కుమారీ, ఇలాగ రాయే. ఇదేటి, ఈ తీగొక్కటీ ఎండిపోనాది?"

చుట్టూ తీగలన్నీ పచ్చగా ఉన్నాయి. ఆ ఒక్కటే వడిలి గోధుమరంగులోకి తిరిగింది. పట్టుకుని లాగాను. చేతిలోకి వచ్చేసింది. కింద దుంప లేదు. తీగని మొదట్లో కొడవలితో కోసి, దుంప తవ్వి తీసుకుని, మట్టి తిరిగి కప్పి, తీగ పడిపోకుండా కంచెకి కట్టేశారు ఎవరో. ఎవరికీ తెలియకూడదని కట్టారు.

కట్టిన పేలిక విప్పి చూశాను. ఆకుపచ్చ మీద పసుపు గళ్లు. మా అత్త చీర అంచు.

నా చేయి పుస్తెలతాడు మీదికి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది. నేను గదికి తాళం వేసుకుని కూర్చున్నాను, పొలానికి తాళం ఉండదు కదా.

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. నాలుగు రోజులుగా మావ కేకలు బాగా తగ్గిపోయాయి. ముక్క ఇయ్యమని అడగడమూ లేదు. నొప్పి తగ్గిందనుకుని సంతోషించాను నేను.

"దాలీ, ఫోన్ తీసి నూటెనిమిదికి కొట్టు," అని పరుగెత్తాను.

చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలీదు. అర కిలోమీటరు. ఇంట్లోకి వెళ్లేసరికి మావ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అలా కూర్చోవడం చూసి ఎన్ని నెలలైందో. పక్కన స్టీలు గిన్నె. గిన్నెలో ఉడికిన దుంప ముక్కలు, తెల్లగా. ఒకటి ఆయన నోట్లో ఉంది.

"మావా, ఉమ్మేయ్! ఉమ్మేయ్ మావా!"

దవడ పట్టుకుని వేలు పెట్టి ముక్క బయటికి లాగాను. ఆయన నా చేయి కొరికేశాడు.

"ఓసి నీ... పిచ్చెక్కినాదేటే నీకు?"

"ఎన్ని తిన్నావు? ఎప్పట్నించి తింటన్నావు?"

"నాలుగు రోజుల్నించి తింటన్నాను. మీ అత్త పెడతన్నాది. నీలాగ కాదు, మొగుడంటే జాలున్నాది దానికి. సూడు, మోకాలు సూడు, వాపు సగం దిగిపోనాది. నాను సెప్పినానా, మందని?"

ఈలోగా దాలమ్మ ఫోన్ చెవిన పెట్టుకుని రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది. అవతలి గొంతు నాకూ వినబడుతోంది. "పేషెంటు ఎవరమ్మా? ఏం తిన్నారు? ఊరు చెప్పండి."

"నాగలి దుంప తినీసినాడు బాబూ!" అంది దాలమ్మ.

"నాగలి దుంప తింటే ఏమవుతుందమ్మా? మేమూ తింటాం."

అది విన్నాక గిన్నె చేతిలోకి తీసుకున్నాను. గిన్నె పక్కన, తలగడ కింద, ఇంకా ఉడకని దుంప ఒకటి గుడ్డలో చుట్టి ఉంది. విప్పి వెలుతురులోకి తెచ్చాను. గరుకు తోలు. వెంట్రుకల్లాంటి వేర్లు. చేతిమందాన, తిన్నగా ఉంది. వంపు లేదు, కొమ్ములు లేవు.

వెనక నుంచి అత్త గొంతు వినబడింది. బోరు దగ్గర నుంచి బిందె తెచ్చి దింపుతోంది.

"సంతది. పోయిన సంతలో కొన్నాను," అంది. "నాగలి దుంప కావాలని పేణం తీస్తన్నాడు. నాగలి దుంపే పెట్టినాను."

"మరి మోకాలు..."

"మాత్ర నూరి అందులో కలిపినాను. కడుపు జారకుండా అన్నంతోపాటే పెడతన్నాను. మాత్రయితే ఉమ్మేస్తాడు, దుంపయితే మింగుతాడు."

దాలమ్మ గోడ పట్టుకుని జారిపోయి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేను నేలమీద కూలబడి నవ్వానో ఏడ్చానో చెప్పలేను. ఫోన్‌లో అబ్బాయి, "బండి పంపాలా వద్దా అమ్మా?" అంటున్నాడు. వద్దని చెప్పి, క్షమించమని చెప్పి పెట్టేశాను.

మావకి మాత్రం కోపం వచ్చింది. "అంటే ఇది మన పొలంలోది కాదేటి? నన్ను మోసం సేసినావేటే?"

"నొప్పి తగ్గినాదా నేదా?" అంది అత్త.

ఆయన ఆలోచించాడు. గిన్నె తన వైపుకి లాక్కున్నాడు. "రేపు ఉప్పు కాస్త ఎక్కువెయ్యి."

*

దాలమ్మ వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది. ఇంకా నవ్వుతూనే ఉంది. "మీ అత్త గట్టిది బాబూ. మరయితే పొలంలోది ఎవులు తవ్వీసినారే? అడవిపందేమో."

"పందే అయ్యుంటుంది," అన్నాను.

పంది కొడవలితో కోయదు. పంది తీగని చీర పేలికతో కట్టదు.

వెనక్కి తిరిగాను. బిందె ఉంది, అత్త లేదు. పెరట్లో లేదు. స్నానాల గదిలో లేదు. "మావా, అత్త ఏదీ?" అంటే ఆయన ముక్క నములుతూ చేయి గాల్లో ఊపాడు.

ఈసారి పరుగెత్తలేదు. పరుగెత్తితే ఎవరైనా అడుగుతారు. నడిచాను. ఆ అర కిలోమీటరు నా జీవితంలో నేను నడిచిన అన్నిటికంటే పొడుగు దారి.

చివరి వరసలో, ఎండిన తీగ పక్కన, ఆమె గట్టు మీద కూర్చుని ఉంది. పొద్దు బాగా ఎక్కింది. పువ్వులు ఎర్రగా, ఆమె తలకంటే ఎత్తులో ఉన్నాయి. నేను కట్టు విప్పి పారేసిన పేలిక ఆమె ఒళ్లో ఉంది. దాన్ని మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్లీ మడతపెడుతోంది.

పక్కన కూర్చున్నాను. ఏం అడగాలో, ఎలా అడగాలో దారంతా ఆలోచించాను. నోటికి వచ్చింది మాత్రం ఇది.

"అత్తా, మావకి సంతది. మరి పొలంలోది ఎవరికి?"

ఆమె నా వైపు చూడలేదు. హైవే మీద ఒక లారీ పోయింది, ఇంకోటి పోయింది. తర్వాత నడుము దగ్గర దోపిన కొంగు తీసి, ముడి విప్పింది. విప్పడానికి చాలాసేపు పట్టింది. చాలా గట్టిగా కట్టుకుంది.

వేలెడు లావు, నున్నటి తోలు, మధ్యలో వంపు. నా అరచేతిలో పెట్టింది.

"అలిసిపోనాను, కుమారీ," అంది.

ఆ గొంతులో ఏడుపు లేదు. నీళ్లు తెచ్చాను, అన్నం వండాను అన్నట్టే ఉంది.

"ఎప్పుడు తవ్వినావు?"

"నువ్వు పొలానికి రావద్దన్న మర్నాడు."

ఇన్ని నెలలూ తాళంచెవి మెడలో కట్టుకుని ఆయన నోటికి కాపలా కాశాను. పక్కనే పనిచేస్తున్న మనిషి చేతిలోంచి కుంచె నేనే తీసుకున్నాను.

"పది రోజుల్నించి నడుముకి కట్టుకునే తిరుగుతన్నావా?"

"ఊఁ. రోజూ ఇయ్యాల అనుకుంటాను. ఇంతలో పిలుస్తాడు. ఎల్తాను." పేలిక మళ్లీ మడతపెట్టింది. "పిలవకపోతే ఏటయ్యుండేదో."

ఆమె చేయి పట్టుకున్నాను. మా పెళ్లై ఇరవై రెండేళ్లు, ఆమె చేయి పట్టుకోవడం అదే మొదటిసారి. పుప్పొడి మరకలు పోయి, గిన్నెల మసి మిగిలింది ఆ వేళ్ల మీద.

"పద, పాతీద్దాం," అన్నాను చివరికి.

అదే గోతిలో, చేతుల్తోనే మట్టి తీశాం. పెట్టబోతూ ఆమె ఆగింది. దుంపని వెలుతురులోకి ఎత్తి, రెండు కొమ్ముల కొసలూ చూసింది.

"మొలకలు రెండూ విరిగిపోనాయి. ఇది లేవదు."

"నడుముకి కట్టుకుని తిరిగితే విరగవా మరి?"

ఆమె పెదవి కొంచెం కదిలింది. నవ్వనడానికి లేదు. అయినా పాతింది. మట్టి కప్పి, అరచేత్తో రెండుసార్లు గట్టిగా అదిమింది. తర్వాత మేమిద్దరం బోరు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కున్నాం. మోచేతుల దాకా కడిగాను ఆమెవి, చిన్నపిల్లకి కడిగినట్టు.

*

భాస్కర్‌కి అంతా చెప్పాను. ఆ రాత్రి బస్సుకే బయల్దేరాడు. మర్నాడు బీపీ చూపిద్దామని చెప్పి అత్తని శ్రీకాకుళం తీసుకెళ్లాం. డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పంపి ఆమెతో గంటసేపు మాట్లాడింది. మాత్రలు రాసింది. కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దని మాకు చెప్పింది. నిద్ర కావాలంది. ఎవరూ పిలవని చోటు కావాలని ఆవిడ రాయలేదు, అది మాకే తెలుసు.

మావకి చెప్పలేదు. ఇప్పటికీ తెలీదు.

చిన్నగదిలో మిగిలిన అరబస్తా మురళీమోహన్‌ని పిలిచి ఇచ్చేశాను. ఖాళీ బస్తాల మీద నాగలి దుంప అన్న అక్షరాలు మార్కరుతో కొట్టేసి, చుట్టచుట్టి పొయ్యిలో పెట్టాను. "ఏటి కాలుస్తన్నావే?" అన్నాడు మావ. "తప్పు రాసినాను మావా," అన్నాను.

శ్రీకాకుళం నుంచి వచ్చిన రెండో రోజు పొద్దున్న, అయిదున్నరకి, ఎవరో నా భుజం తట్టారు. అత్త. చీర ఎత్తి దోపుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉంది.

"ఏటే, ఇంకా పడుకున్నావా? దాలీ వచ్చీసినాది. కుంచె ఏదీ?"

కుంచె తీసి ఇచ్చాను. చెప్పులు ఈడ్చుకుంటూ ఆమె గుమ్మం దాటింది. సరిగ్గా అప్పుడే మంచం మీంచి వినబడింది.

"ఒసే నరసమ్మా!"

గుమ్మం అవతల చెప్పుల చప్పుడు ఆగింది.

"ఒసే, ఎక్కడ సచ్చినావే? నీళ్లు!"

"నేనున్నాను మావా, వస్తన్నాను," అని గట్టిగా అన్నాను, వీధిలోకి వినబడేంత గట్టిగా.

చెప్పుల చప్పుడు మళ్లీ మొదలైంది. వీధి మలుపు దాకా విన్నాను. తర్వాత లేచాను. నడుము పట్టేసింది, ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. చెంబుతో నీళ్లు ముంచుకుని మంచం దగ్గరికి వెళ్లాను.

"నువ్వేటే?" అన్నాడు మావ. "అదేదీ?"

"పువ్వుల కాడికి ఎల్లింది."

"ఎప్పుడొస్తాది?"

"పువ్వులయిపోయాక."

ఆయన ఏదో అనబోయి, నా మొహం చూసి, నీళ్లు తాగాడు.

ఆ రోజు నుంచి పొద్దుటి పువ్వులు ఆవిడవి. పొద్దుటి కేకలు నావి. ఆదివారాలు భాస్కర్‌వి.